‘జ్ఞాపకశక్తి గల సంస్థ’: ఆసుపత్రి పొరపాట్ల నివేదికపై విమర్శ

బిళ్లగన్నేరు మొక్కను ఎరుగని తెలుగువారుండరు. ఇంటి ముంగిట, గోడవారగా, నీరు పోయువారు లేకున్నను పూచుచుండు మొక్క ఇది. దీనినుండి తీసిన విన్‌క్రిస్టిన్ అను ఔషధము 1963లో అమెరికాలో వాడుకకు అనుమతి పొందినది. నాటినుండి రక్తపు క్యాన్సరుతో బాధపడు ఎందరో పిల్లల ప్రాణములు నిలుపుటలో దీనికి పెద్ద పాలు కలదు. అయితే ఈ ఔషధమును శరీరములోనికి పంపుటకు సిర ఒక్కటే త్రోవ. పొరపాటున దీనిని వెన్నెముకలోనికి ఎక్కించినచో రోగి బ్రతుకుట మిక్కిలి అరుదు.

అట్టి పొరపాటు ఏల జరుగునో గ్రహించుటకు కొంత శరీరశాస్త్రము తెలియవలెను. రక్తమునకును మెదడునకును నడుమ ప్రకృతి ఒక అడ్డుగోడను నిర్మించినది. రక్తములో తిరుగు అనేక మందులు ఆ గోడను దాటజాలవు. క్యాన్సరు కణములు కొన్ని ఆ గోడ చాటున దాగికొనును. వానిని చంపుటకై సైటరబిన్, మెథోట్రెక్సేట్ వంటి మందులను నడుమువద్ద సూది గ్రుచ్చి, వెన్నుపామును చుట్టియుండు ద్రవములోనికి నేరుగా పంపుదురు. అందుచేత ఒకే రోగికి రెండు మందులు, రెండు సిరంజిలు, రెండు త్రోవలు అవసరమగుచున్నవి. విన్‌క్రిస్టిన్ కణవిభజనకు కావలసిన సూక్ష్మనాళికలు ఏర్పడకుండ చేయును. క్యాన్సరు కణము చచ్చుట ఇందువలననే. కాని నాడీకణము తన పొడవాటి తంతువు వెంబడి పదార్థములను చేరవేసికొనుటకు ఆ సూక్ష్మనాళికలే ఆధారము. కావున ఆ మందు వెన్నుద్రవములో కలిసినచో నాడీకణములు క్రమముగా నశించును.

ఈ ప్రమాదము వైద్యలోకమునకు క్రొత్త కాదు. అట్టి సంఘటన ఒకటి 1968లోనే వైద్యపత్రికలో ప్రకటింపబడినది. ఐనను అదే పొరపాటు దేశదేశములలో మరల మరల జరుగుచునే వచ్చినది. ఒకచోట తెలిసిన తప్పు ఇంకొకచోట తిరిగి ఏల జరుగవలెను? ఈ ప్రశ్నను సూటిగా ఎత్తుకొన్న గ్రంథములలో 2000 జూన్ నెలలో బ్రిటిష్ ఆరోగ్యశాఖ ప్రచురించిన నివేదిక ఒకటి. దాని పేరు ‘ఏన్ ఆర్గనైజేషన్ విత్ ఎ మెమరీ’, అనగా ‘జ్ఞాపకశక్తి గల సంస్థ’. నాటి ఇంగ్లండు ముఖ్య వైద్యాధికారి లియామ్ డొనాల్డ్‌సన్ అధ్యక్షతన ఒక నిపుణుల సంఘము దీనిని సిద్ధపరచినది. ఆసుపత్రి వార్డులలో జరుగు పొరపాట్లను దాచక తెలుపుట ఎట్లు, తెలిపినవానినుండి నేర్చుకొనుట ఎట్లు అనునదియే దీని విషయము. వెలువడి పాతికేళ్లు దాటినది గనుక, దాని మాటలను తరువాతి అనుభవముతో సరిచూచుటకు ఇప్పుడు వీలున్నది.

నివేదిక చెప్పినదేమి?

బ్రిటనులోని జాతీయ ఆరోగ్యసేవ ఆసుపత్రులలో చేరువారిలో సుమారు నూటికి 10 మందికి, అనగా సంవత్సరమునకు 8,50,000 సందర్భములలో, రోగమువలన గాక చికిత్సవలననే ఏదో ఒక కీడు కలుగుచున్నదని నివేదిక అంచనా వేసినది. ఇందువలన రోగులు ఆసుపత్రిలో అదనముగా గడపు దినములకే ఏటా 200 కోట్ల పౌండ్లు ఖర్చగుచున్నవని లెక్కించినది. వెన్నెముకలోనికి మందు తప్పుగా ఎక్కించుటచే 1985నుండి కనీసము 13 మంది రోగులు మరణించుటయో, అంగములు చచ్చుబడుటయో జరిగెనని కూడ తెలిపినది.

అంకెలకంటె ముఖ్యమైనది దాని ఆలోచనావిధానము. పొరపాటు జరిగినపుడు “ఎవరు చేసిరి?” అని అడుగుట ఒక పద్ధతి. “ఎట్లు జరిగినది?” అని అడుగుట ఇంకొక పద్ధతి. మాంచెస్టరు విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ రీజన్ ఈ రెండవ పద్ధతిని 1990 ప్రాంతమున బాగుగా వివరించెను. ఆసుపత్రిలో రోగిని కాపాడుటకు అనేక తడికలు ఉండును: మందుసీసాపై చీటి, మందుల గదిలోని తనిఖీ, నర్సు పరిశీలన, వైద్యుని తెలివి. ప్రతి తడికకును ఎక్కడో ఒక కంత ఉండక మానదు. సామాన్యముగా ఒకదాని కంత వెనుక ఇంకొకదాని గట్టిభాగము ఉండును గనుక ప్రమాదము ఆగిపోవును. ఏదో ఒకనాడు అన్ని కంతలును ఒకే వరుసలోనికి వచ్చును. ఆనాడే రోగికి హాని. అందుచేత చివరి తడికవద్ద నిలిచియున్న మనిషిని మాత్రము శిక్షించి ఊరకున్నచో కంతలు పూడవు.

ఈ దృష్టితో చూచినచో తృటిలో తప్పిన ప్రమాదము కూడ విలువైనదే. ఉదాహరణకు, నర్సు ఒక మాత్రను చేతికిచ్చునంతలో రోగి, “సిస్టరుగారూ, నాకు రోజూ ఇచ్చేది తెల్లమాత్ర గదా?” అని అడిగినాడనుకొందము. ఆమె చీటీ చూచుకొని, అది ప్రక్క మంచము రోగి మాత్ర అని గ్రహించి సరిదిద్దుకొనును. ఎవరికిని హాని లేదు. కాని రేపు ఆ మంచముమీద నిద్రమత్తులో ఉన్న రోగియో, మాటలు రాని పసిబిడ్డయో ఉండవచ్చును. రెండు మాత్రలు ఒకే పళ్లెములో ఏల చేరినవి అను సంగతి ఈనాడే విచారించుట తెలివి. ఇట్టి సంగతులను కూడ వ్రాసి పంపవలెనని నివేదిక కోరినది.

విమానయానమున ఈ పద్ధతి అప్పటికే అలవాటులో ఉన్నది. అమెరికాలో 1976నుండి విమాన చోదకులు తమ పొరపాట్లను తామే వ్రాసి పంపుచున్నారు. ఆ ఉత్తరములు చేరునది శిక్షించు అధికారము గల విమానయాన శాఖకు గాక, ఆ అధికారము లేని ‘నాసా’ సంస్థకు. అచ్చట పేర్లు తొలగించి సంగతి మాత్రము నిలుపుకొందురు. చెప్పినవానికి కీడు లేదన్న నమ్మకమే ఆ ఏర్పాటునకు ప్రాణము.

మెచ్చదగిన భాగము

నివేదికలో మిక్కిలి విలువైనది నేర్చుకొనుటలోని రెండు విధములను వేరుచేసి చూపుట. ప్రమాదము జరిగిన పిదప విచారణ జరుపుదురు, కారణము తెలిసికొందురు, పుస్తకములో వ్రాయుదురు, అంతటితో సరి. ఇది నిష్క్రియమైన అభ్యాసము. తెలిసినదాని ననుసరించి పనిచేయు పద్ధతిని నిజముగా మార్చి, ఆ మార్పు నిలుచునట్లు చూచుట సక్రియమైన అభ్యాసము. ఉపాధ్యాయులకు ఈ భేదము చక్కగా తెలియును. విద్యార్థి తప్పుచేసిన లెక్కను ఎర్రసిరాతో దిద్ది ఇచ్చినంత మాత్రమున అతడు నేర్చుకొన్నట్లు కాదు. మరునాడు అట్టిదే ఇంకొక లెక్కను సరిగా చేసినపుడే నేర్చుకొన్నట్లు.

ఒక ప్రభుత్వశాఖ తన ఆసుపత్రుల లోపములను తానే ఒప్పుకొని, అచ్చువేసి ప్రజల ముందుంచుట కూడ ప్రశంసింపదగినదే. దీనికి కొన్ని నెలలకు ముందు, 1999 చివర, అమెరికాలోని వైద్యసంస్థ ‘టు ఎర్ ఈజ్ హ్యూమన్’ అను నివేదికను వెలువరించి ఇట్టి సాహసమే చేసినది. ఈ రెండును కలిసి, అంతవరకు గుసగుసలుగా ఉన్న విషయమును చదువదగిన శాస్త్రముగా మార్చినవి.

లోపములు

అయినను నివేదికలో లోపములు లేకపోలేదు. మొదటిది లెక్కకు సంబంధించినది. 8,50,000 అను సంఖ్య దేశమంతట లెక్కించి తేల్చినది కాదు. లండనులోని రెండు ఆసుపత్రులలో జరిగిన చిన్న పరిశీలనను, ఇతర దేశముల పరిశోధనలను ఆధారముగా గొని, దేశములో ఆసుపత్రులలో చేరువారి మొత్తమునకు హెచ్చవేసిన అంచనా అది. ఆ లండను పరిశీలన వివరములు 2001లో ప్రకటితమైనవి: చూచిన రోగుల కాగితములు 1,014, కీడు పొందినవారు 110 మంది, అనగా నూటికి 10.8. అందులో సుమారు సగము మాత్రమే నివారింపదగినవి. అంచనా వేయుట తప్పు కాదు. కాని అంచనా పత్రికలకెక్కి, నోటినుండి నోటికి ప్రాకి, కొలిచిన సత్యముగా చెలామణి యగుట శాస్త్రమునకు మేలు చేయదు.

రెండవ లోపము ఇంకను గట్టిది. తెలుపబడిన పొరపాట్ల సంఖ్యను చూచి జరిగిన పొరపాట్ల సంఖ్యను ఊహింపవచ్చునా? ఒక పెద్ద బ్రిటిష్ ఆసుపత్రిలో జరిగి 2007లో ప్రకటితమైన పరిశోధన ఫలితము ఈ సందేహమును తీర్చును. 1,006 మంది రోగుల కాగితములను పరీక్షించి, ఆసుపత్రి సిబ్బంది పంపిన నివేదికలతో పోల్చి చూడగా, మొత్తము 324 సంఘటనలు బయటపడినవి. వీనిలో 270 కాగితముల పరీక్షవలన మాత్రమే తెలిసినవి; 33 రెండు విధములుగను తెలిసినవి; 21 సిబ్బంది నివేదికలవలన మాత్రమే తెలిసినవి. అనగా సిబ్బంది తెలిపినవి 54 మాత్రమే, మొత్తములో ఆరవ వంతు. ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచేత చేయించవచ్చును. ఒక్క ఉపకరణముతో కొలిచినపుడు ఎంత తప్పిపోవునో వారికి తెలియును. అయితే ఆ 21 సంఘటనలను కాగితముల పరీక్ష పట్టలేకపోయినదను సంగతియు గమనింపవలెను. రెండు పద్ధతులును కావలసినవే.

అంతేకాదు. 1996లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ఏమీ ఎడ్మండ్‌సన్ అను పరిశోధకురాలు రెండు అమెరికన్ ఆసుపత్రులలోని 8 వార్డులను పరిశీలించెను. మంచి నాయకత్వము, సఖ్యత గల వార్డులలో మందుల పొరపాట్లు తక్కువగా ఉండునని ఆమె ఎదురుచూచినది. ఫలితము దానికి విరుద్ధముగా వచ్చినది. అట్టి వార్డులలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనవి. విచారింపగా, అచ్చట నర్సులు భయపడక చెప్పుచుండుటయు, కఠినముగా మందలించు వార్డులలో దాచుచుండుటయు దీనికి కారణముగా కనుపించెను. కావున నివేదికలు పెరిగినవని ఒక ఆసుపత్రిని చెడ్డదనుట గాని, తగ్గినవని ఇంకొకదానిని మెచ్చుకొనుట గాని తొందరపాటు. బ్రిటిష్ నివేదిక జంకులేక చెప్పుట అవసరమని బోధించినది. కాని అదే నివేదిక మందుల విషయమున ఘోరమైన పొరపాట్లను 2005 నాటికి నూటికి 40 వంతులు తగ్గింపవలెనని గడువు పెట్టినది. మరింతగా చెప్పుమనియు, తగ్గించి చూపుమనియు ఒకేసారి కోరినపుడు ఏ అంకెతో దేనిని కొలువవలెను?

మూడవది: నివేదికలోని 10 సిఫారసులలో అధికభాగము సంగతులను సేకరించుటకు, విచారించుటకు, విశ్లేషించుటకు సంబంధించినవే. నేర్చిన పాఠములను త్వరగా అమలు జరుపవలెనను సిఫారసు తొమ్మిదవది. రోగికి గాని, అతని కుటుంబమునకు గాని జరిగినది జరిగినట్లు చెప్పవలెనని ప్రత్యేకముగా ఒక్క సిఫారసైనను లేదు. ఆ బాధ్యత ఇంగ్లండులో ఆసుపత్రులకు చట్టరీత్యా ఏర్పడినది 2014లో మాత్రమే.

నాటింగ్‌హామ్ సంఘటన

నివేదికకు న్యాయము చేయవలెనన్నచో ఒక సంగతి చెప్పక తప్పదు. వెన్నెముకలోనికి తప్పుమందు ఎక్కించుటవలన కలుగు మరణములను 2001 చివరికి పూర్తిగా లేకుండ చేయవలెనని పదవ సిఫారసు క్రింద అది స్పష్టముగా కోరినది. అనగా ఏ ప్రమాదము పొంచియున్నదో దానికి తెలియును. ఐనను నివేదిక వెలువడిన ఏడవ నెలలో, 2001 జనవరిలో, నాటింగ్‌హామ్ నగరములోని ఒక ఆసుపత్రిలో అదే ప్రమాదము జరిగినది. రక్తపు క్యాన్సరునుండి కోలుకొనుచున్న 18 ఏండ్ల యువకునికి వెన్నెముకలోనికి విన్‌క్రిస్టిన్ ఎక్కించిరి. అతడు ఫిబ్రవరిలో మరణించెను.

తరువాత జరిగిన విచారణను చదివినచో, రీజన్ చెప్పిన కంతల వరుస కండ్లకు కట్టినట్లుండును. రెండు మందులను వేర్వేరు దినములలో ఇచ్చు ఏర్పాటు అచ్చట ఉన్నది. ఆనాడు రోగి ఆలస్యముగా వచ్చెను. రెండు మందులును కలిసి వార్డుకు చేరినవి. పర్యవేక్షించు వైద్యుడు ఆ వార్డుకు క్రొత్త. సూది వేయుచున్న చిన్న వైద్యునికి సందేహము కలిగి, ఈ మందు వెన్నెముకలోనికేనా అని అడిగెను కూడ. పెద్ద వైద్యుడు ఔననెను. అంతటితో చివరి తడికయు తొలగినది. 2003లో న్యాయస్థానము ఒక వైద్యునికి 8 నెలల శిక్ష విధించినది. బిడ్డను పోగొట్టుకొన్న కుటుంబము జవాబు కోరుట న్యాయమే. దానిని ఎవరును కాదనరాదు. అయితే ఆ శిక్షవలన తరువాతి రోగికి కలిగిన రక్షణ ఎంత? మరునాడు కూడ అదే సిరంజి అదే సూదికి అమరుచునే యున్నది.

విషయమంతయు ఇచ్చటనే ఉన్నది. సిరంజి మూతికి ‘లూయర్’ అమరిక అని పేరు. ప్రతి 100 మిల్లీమీటర్ల పొడవునకు 6 మిల్లీమీటర్ల చొప్పున సన్నగిల్లు ఈ మూతి 19వ శతాబ్ది చివరినాటిది. ఏ సిరంజికైనను ఏ సూదియైనను సరిపోవుట దాని గొప్ప సౌకర్యము. ఆ సౌకర్యమే ఇచ్చట మృత్యుద్వారమైనది. సిరకు ఉద్దేశించిన సిరంజి వెన్నెముక సూదికి చక్కగా బిగియును. చేయి తప్పుచేయుచున్నను వస్తువు అడ్డుచెప్పదు.

తరువాత మారినదేమి?

నివేదిక సిఫారసుల ననుసరించి 2001లో జాతీయ రోగి భద్రతా సంస్థ ఏర్పడినది. 2003లో దేశవ్యాప్తమైన నివేదనా పద్ధతి మొదలైనది. 2018-19 నాటికి ఏటా 20 లక్షలకు పైగా సంఘటనలు దానికి చేరుచుండెను. అందులో అధికభాగము హాని కలుగనివే. ఆ సంస్థను 2012లో రద్దుచేసిరి. ఆ నివేదనా పద్ధతి స్థానమున వేరొకటి 2024 నాటికి పూర్తిగా ప్రవేశించినది. ఇరువది లక్షల ఉత్తరములు చదువుట ఎవరి తరము? కుప్పగా పోసిన కాగితములను జ్ఞాపకశక్తి అనలేము.

విన్‌క్రిస్టిన్ విషయమున నిజమైన మార్పు వేరొక త్రోవలో వచ్చినది. మొదట 2001 చివర కఠినమైన నియమములు చేసిరి: శిక్షణ పొందినవారే ఇవ్వవలెను, రెండు మందులు వేర్వేరు వేళల, వేర్వేరు చోట్ల ఇవ్వవలెను. ఇవి మనిషి జ్ఞాపకముపై ఆధారపడిన తడికలు. 2007లో హాంకాంగ్‌లో ఇట్టి మరణమే సంభవింపగా, ప్రపంచ ఆరోగ్యసంస్థ అన్ని దేశములను హెచ్చరించినది. ఆ మందును సిరంజిలో గాక చిన్న సంచిలో పోసి ఎక్కింపుడని సూచించినది. 2008లో బ్రిటిష్ భద్రతా సంస్థయు పెద్దలకు, యువకులకు 50 మిల్లీలీటర్ల సంచులనే వాడవలెనని ఆదేశించినది. వెన్నుద్రవములోనికి సామాన్యముగా ఎక్కించునది కొన్ని మిల్లీలీటర్లే. చేతికి 50 మిల్లీలీటర్ల సంచి వచ్చినచో ఎట్టి క్రొత్త వైద్యుడైనను ఆగి చూచును. తుదకు 2016లో వెన్నెముక సూదులకు వేరైన అమరికను అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. ఈ క్రొత్త మూతి లూయర్ మూతికంటె సన్ననిది. సిరకు ఉద్దేశించిన సిరంజి దీనికి బిగియదు. 1968లో ప్రకటితమైన ఒక తప్పు వస్తువు రూపములోనికి ఎక్కుటకు 48 సంవత్సరములు పట్టినది.

ఈ చరిత్రతో పోల్చి చూచినపుడు బ్రిటిష్ నివేదిక విలువ, కొరత రెండును తెలియును. చెప్పువారిని భయపెట్టరాదన్నది, అది సత్యము. చెప్పినదంతయు ఒకచోట చేరవలెనన్నది, అదియు సత్యమే. కాని చేరిన సంగతిని పట్టుకొని సిరంజిని మార్చు బాధ్యత ఎవరిదో, ఎంతకాలములో మార్చవలెనో అంత గట్టిగా చెప్పలేదు. సక్రియ, నిష్క్రియ అభ్యాసముల భేదమును చక్కగా చూపిన గ్రంథమే, తన సిఫారసులలో నిష్క్రియమైన దానికి ఎక్కువ చోటిచ్చినది.

మన దేశములో మందులవలన కలుగు కీడులను నమోదుచేయు కార్యక్రమము 2010లో మొదలైనది. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ రోగుల భద్రతకై 2025 వరకు వర్తించునట్లు ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించినది. ఇట్టి ఏర్పాట్లను పరిశీలించువారు ఎన్ని నివేదికలు వచ్చినవని మాత్రము అడుగరాదు. వానివలన ఏ సీసా, ఏ చీటి, ఏ పద్ధతి మారినదని కూడ అడుగవలెను.

ఉన్నత పాఠశాలలోని ప్రయోగశాలలో కూడ ఈ పరీక్ష జరుపవచ్చును. ఒక విద్యార్థి నీరనుకొని ఆమ్లపుసీసా అందుకొనబోయి, వాసన తగిలి ఆగినాడనుకొందము. అతనిని అందరియెదుట మందలించినచో ఇక మీదట ఎవరును చెప్పరు. మెచ్చుకొని పుస్తకములో వ్రాసికొన్నచో ఆ సంగతి నిలుచును. రెండు సీసాలు ఒకే ఆకారములో ప్రక్కప్రక్కన ఏల ఉన్నవని విచారించి, ఆనాడే ఆమ్లమును వేరు ఆకారముగల సీసాలో పోసి వేరొక అరలో పెట్టినపుడు మాత్రమే మరుసటి సంవత్సరము వచ్చు విద్యార్థికి, ఈ కథ ఏమియు తెలియకున్నను, రక్షణ కలుగును. ‘జ్ఞాపకశక్తి గల సంస్థ’ అను పేరునకు తగిన అర్థము అదియే. ఈ దృష్టితో చదువువారికి ఈ నివేదిక, దాని లోపములతో కూడ, నేటికిని చదువదగినదే.